స్థలవాచక స్త్రీనామాలు: మైథిలి, వైదేహి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగువారు ఆడపిల్లలకు పెట్టుకునే పేర్లలో మైథిలి, వైదేహి అనేవి స్థలనామాల నుండి పుట్టినవి. మొదటిది మిథిల అనే నగరం నుండి, రెండవది విదేహ అనే దేశం నుండి వచ్చాయి. ఈ పేర్లు పెట్టుకునే కుటుంబాలలో అధికశాతానికి ఆ నేలతో ఏ సంబంధమూ లేదు. అయినా ఇవి తరతరాలుగా నిలిచి ఉన్నాయి. ఈ పేర్ల వ్యుత్పత్తిని, ఇతిహాస ప్రయోగాన్ని, తెలుగు ఛందస్సులో వీటికి కుదిరిన స్థానాన్ని, నేటి వాడుకను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థలవాచకనామం పురుషునికి అధికారాన్ని, స్త్రీకి పుట్టింటిని సూచిస్తూ వచ్చిందనీ, తెలుగునేలకు చేరేసరికి ఆ పేరులోని స్థలం మరుగై కథ మిగిలిందనీ ప్రతిపాదిస్తుంది. యాదమ్మ, తిరుపతమ్మ వంటి దేశి స్థలవాచకనామాలతో వీటిని పోల్చి, వాటి మధ్య ఏర్పడిన గౌరవభేదాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: వ్యక్తినామాలు, స్థలనామాలు, తద్ధితం, యోగరూఢి, మైథిలి, వైదేహి, యాదమ్మ, పుట్టిల్లు.

1. ఉపోద్ఘాతం:

మనిషి పేరుకూ నేలకూ ఉన్న సంబంధం తెలుగువారికి కొత్త కాదు. తెలుగు ఇంటిపేర్లలో పెద్దభాగం ఊళ్ళ పేర్ల నుండి వచ్చినవే. వంశంవారు ఏనాడో విడిచివచ్చిన ఊరు ఇంటిపేరులో తరాల తరబడి నిలిచి ఉంటుంది. అయితే ఆ నిలకడ ప్రధానంగా మగవారిది. పెళ్ళితో ఇంటిపేరు మార్చుకునే స్త్రీ విషయంలో, పుట్టింటివారి ఊరు ఇంటిపేరుతోపాటే వెళ్ళిపోతుంది. ఆమెతో కడదాకా ఉండేది పెట్టినపేరు ఒక్కటే. కాబట్టి స్త్రీ పెట్టినపేరులోనే ఒక స్థలం ఉన్నప్పుడు, అది ఆమె గురించి ఏం చెబుతోందన్న ప్రశ్న ఆలోచించదగినది.

స్థలనామం వ్యక్తినామంగా మారే పద్ధతులు తెలుగులో ప్రధానంగా రెండు. ఒకటి, సంస్కృత తద్ధితరూపాన్ని తత్సమంగా స్వీకరించడం: మైథిలి, వైదేహి, కౌసల్య. రెండు, క్షేత్రనామానికి 'అమ్మ' చేర్చడం, లేదా క్షేత్రనామాన్నే పేరుగా పెట్టడం: యాదమ్మ, తిరుపతమ్మ, కాశమ్మ, సింహాచలం. ఈ వ్యాసం మొదటి పద్ధతిలోని రెండు పేర్లను ప్రధానంగా తీసుకుని, చివర రెండవ పద్ధతితో పోలుస్తుంది.

2. మిథిల, విదేహ: నేల, కథ:

విదేహ ప్రస్తావన వైదిక వాఙ్మయం నాటికే ఉంది. శతపథబ్రాహ్మణంలో విదేఘ మాథవుడనే రాజు, అతని పురోహితుడు గోతమ రాహూగణుడు అగ్నిని అనుసరించి సరస్వతీతీరం నుండి తూర్పుగా సాగి సదానీర నదిని చేరినట్లు ఉంది. ఆ నది కోసల, విదేహ దేశాలకు సరిహద్దుగా చెప్పబడింది. దానికి తూర్పున ఉన్న నేల అంతకుముందు సాగుకు అనువు కాకుండా ఉండేదనీ, అగ్ని వల్ల నివాసయోగ్యమైందనీ ఆ గాథ సారాంశం. పేరు పుట్టుకలోనే ఒక ప్రయాణం ఉందన్నది ఇక్కడ గమనించాలి.

పురాణాలు చెప్పే వ్యుత్పత్తి వేరు. భాగవత నవమస్కంధంలోని నిమి కథ ప్రకారం, వసిష్ఠుని శాపంతో నిమి దేహాన్ని కోల్పోయాడు. మునులు ఆ దేహాన్ని మథించగా ఒక కుమారుడు పుట్టాడు. దేహం లేనివాని నుండి పుట్టినందువల్ల వైదేహుడు, మథనం వల్ల పుట్టినందువల్ల మిథిలుడు అయ్యాడు. అతడు కట్టించిన నగరమే మిథిల. భాషాశాస్త్రం దీనిని లౌకిక వ్యుత్పత్తిగానే పరిగణిస్తుంది. కానీ సాహిత్యంలో ఈ కథకు విలువ ఉంది. దేహం విడిచిన రాజు వంశంలోకి, తల్లి గర్భం నుండి పుట్టని కూతురు చేరింది. సీత అనే మాటకు నాగటిచాలు అని అర్థం. అంటే ఆమె సొంతపేరు కూడా నేలదే. మైథిలి, వైదేహి అనేవి ఆ నేలకు ఎల్లలు గీసి నగరంగా, రాజ్యంగా చెప్పే పేర్లు.

నేటి భౌగోళికంలో మిథిల ఉత్తర బీహారుకూ నేపాల్ తరాయికీ విస్తరించిన సాంస్కృతిక ప్రాంతం. జనకపురం నేపాల్‌లో ఉంది. సీతాజన్మస్థలంగా భావించే సీతామఢి బీహారులో ఉంది. అక్కడ 'మైథిలి' అనగానే ముందుగా స్ఫురించేది భాష. 2003లో చేసిన 92వ రాజ్యాంగ సవరణ ద్వారా ఆ భాష ఎనిమిదవ షెడ్యూలులో చేరింది. ఒకే పదం అక్కడ కోట్లమంది మాట్లాడే భాషకు, ఇక్కడ మన ఇంటి పిల్లకు పేరుగా ఉంది.

3. వ్యాకరణం చూపే భేదం:

మిథిలకు సంబంధించినది అనే అర్థంలో తద్ధితప్రత్యయం చేరగా ఆదిస్వరానికి వృద్ధి వచ్చి 'మైథిల' అవుతుంది. స్త్రీప్రత్యయంతో 'మైథిలీ' అవుతుంది. విదేహ నుండి వైదేహ, వైదేహీ రూపాలు ఇదే తీరున ఏర్పడతాయి. తెలుగులోకి తత్సమాలుగా వచ్చేటప్పుడు గౌరీ, నదీ శబ్దాలవలె వీటి చివరి దీర్ఘం హ్రస్వమై మైథిలి, వైదేహి అయ్యాయి. వైదేహీవల్లభుడు వంటి సమాసాలలో ఆ దీర్ఘం తిరిగి కనిపిస్తుంది.

ఇంతవరకు రూపసిద్ధి. అర్థంలో ఉన్న భేదం ఇంతకన్నా ముఖ్యమైనది. అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయంలో జనపదనామాల నుండి క్షత్రియసంతానవాచకాలను సాధించే సూత్రాలు (4.1.168 మొదలుకొని) ఉన్నాయి. వీటిలోని ప్రత్యయాలకు 'తద్రాజ'మని సంజ్ఞ. సంతానాన్ని చెప్పే రూపమే ఆ దేశపు రాజును కూడా చెబుతుంది. అందువల్ల 'వైదేహుడు' అంటే విదేహవంశీయుడు, విదేహరాజు కూడా. 'వైదేహి' అన్నప్పుడు ఈ రెండవ అర్థం వ్యవహారంలో మిగలలేదు. ఆమె విదేహకు కూతురు, అంతే. ఒకే ప్రత్యయం మగవానికి నేలమీద హక్కును, ఆడదానికి నేలనుండి రాకను చెప్పింది.

ఇతిహాసాలలోని తోబుట్టువుల పేర్లను జంటలుగా చూస్తే ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. శకుని సోదరి గాంధారి. శల్యుని సోదరి మాద్రి. యుధాజిత్తు సోదరి కైకేయి. ముగ్గురు సోదరులకూ సొంతపేర్లు ఉన్నాయి. గాంధార, మద్ర, కేకయ దేశాలు వారికి ఏలుకునే రాజ్యాలు. ముగ్గురు సోదరీమణులకూ ఆ దేశాలే పేర్లు. మహాకావ్యాలలో వారికి వేరే సొంతపేర్లు వినిపించవు. దశరథుని పట్టపురాణి కౌసల్య పేరు కూడా కోసల నుండి వచ్చిందే. గాంధారదేశంలో పుట్టిన ప్రతి స్త్రీ వ్యుత్పత్తిరీత్యా గాంధారే కాబట్టి, ఆ పేరు ఆమెను పుట్టింట ఇతరుల నుండి వేరుచేయదు. హస్తినలో అడుగుపెట్టిన తరువాతే అది గుర్తింపు అవుతుంది. ఈ తరహా పేరు పుట్టినచోట పెట్టినది కాదు, మెట్టినచోట పిలిచినది.

అమరకోశం వనౌషధివర్గంలో పిప్పలికి గల పర్యాయపదాలలో వైదేహి, మాగధి కూడా ఉన్నాయి. ఆయా దేశాల నుండి వచ్చిన సరుకుకు ఆ దేశాల పేరే పేరైంది. 'వైదేహకుడు' అనే మాట అర్థశాస్త్రంలో వర్తకునికి ప్రయుక్తమైంది. వర్తకుని సంచిలో వచ్చిన పిప్పలికీ, పల్లకిలో వచ్చిన కోడలికీ భాష ఒకే మాటను వాడింది. ఈ సామ్యం యాదృచ్ఛికం కాదు. 'ఫలానా చోటి నుండి మన దగ్గరకు వచ్చినది' అన్న దృష్టి రెండింటికీ సమానం.

తెలుగు కుటుంబవ్యవహారంలోనూ ఈ దృష్టి జీవించే ఉంది. అత్తవారి వైపువారు కోడలిని ఫలానా ఊరి పిల్ల అని గుర్తుచేసుకుంటారు. పుట్టింటి పిల్లలకు ఆమె బందరు పిన్ని, ఏలూరు అత్తయ్య అవుతుంది. ఇక్కడివారు అక్కడి ఊరితో, అక్కడివారు ఇక్కడి ఊరితో ఆమెను పిలుస్తారు. బందరు బాబాయి, ఏలూరు మామయ్య అనే పిలుపులు లేకపోలేదు గాని, అవి మగవాడు ఉంటున్న ఊరినే చెబుతాయి. స్త్రీ విషయంలో పిలిచేవారు మారితే ఊరు మారిపోతుంది. వైదేహి అనే పేరు ఈ పిలుపుకు శాస్త్రీయరూపం.

4. యోగరూఢి: ఊర్మిళకు దక్కని పేరు:

వ్యుత్పత్తి ప్రకారం జనకుని ఔరసపుత్రి ఊర్మిళ కూడా మైథిలే, వైదేహే. కానీ ఆ మాటలు వినగానే సీత తప్ప మరొకరు స్ఫురించరు. బురదలో పుట్టినవన్నీ పంకజాలు కానట్లే, మిథిలలో పుట్టినవారందరూ మైథిలులు కాలేదు. అలంకారికుల పరిభాషలో ఇది యోగరూఢి. విశేషం ఏమిటంటే, పుట్టుకరీత్యా మిథిలకు చెందిన ఊర్మిళను వదిలి, నాగటిచాలులో దొరికిన సీతకు ఆ పేరు స్థిరపడింది. పద్నాలుగేళ్ళు అయోధ్యలోనే ఉండిపోయిన ఊర్మిళకు తెలుగు స్త్రీల పాటల సంప్రదాయం 'ఊర్మిళాదేవి నిద్ర'తో చోటు కల్పించింది. ఓల్గా 'విముక్త' కథలలోనూ ఆమెకు గొంతు లభించింది. స్థలనామం మాత్రం ఆమెకు దక్కలేదు.

బౌద్ధవాఙ్మయంలో ఈ రూఢి కనిపించదు. అజాతశత్రువు పాలిగ్రంథాలలో 'వేదేహిపుత్త' అని వ్యవహరింపబడ్డాడు. అక్కడ వేదేహి అతని తల్లి. అంటే ఒకప్పుడు ఈ పేరు ఒక స్త్రీకి పరిమితమైనది కాదు. రామాయణప్రభావంతోనే అది సీతకు ముడిపడి, తెలుగువారికి చేరింది. ఈ రూఢే పేరు ఆకర్షణకు మొదటి కారణం. కైకేయి, గాంధారి పేర్లు వ్యాకరణంలో వైదేహికి సాటివే. కేకయ, గాంధార దేశాలు విదేహకు ఏమాత్రం తీసిపోవు. అయినా ఆ పేర్లు తెలుగిళ్ళలో అరుదు. అదే కౌసల్య విరివిగా ఉంది. పేరును నిలబెట్టేది స్థలగౌరవం కాదనీ, పాత్రగౌరవమనీ దీనివల్ల తేలుతుంది.

మరొక భేదమూ ఉంది. గాంధారికీ కైకేయికీ స్థలనామం తప్ప సొంతపేరు లేదు. సీతకు సొంతపేరు ఉంది, దానికి తోడుగా స్థలనామాలున్నాయి. ఒకచోట స్థలం పేరును మింగివేసింది, మరొకచోట పేరుకు వన్నె తెచ్చింది. మైథిలి అని పిలిచినప్పుడు సీత అనే వ్యక్తి చెరిగిపోదు.

5. ఛందస్సు, శ్రవణసుఖం:

తెలుగులో ఈ పేర్లు స్థిరపడటానికి పద్యం చేసిన సహాయం తక్కువ కాదు. 'సీత' గురులఘువులతో కూడిన హగణం, అంటే సూర్యగణం. 'మైథిలి' భగణం, 'వైదేహి' తగణం. రెండూ ఇంద్రగణాలే. 'జానకి' కూడా భగణమే. ద్విపద పాదంలో మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం ఉంటాయి. ప్రథమావిభక్తిరూపంలో చూస్తే, పాదాంతంలో ఒదిగే పేరు సీత. మొదటి మూడు స్థానాలలో ఒదిగే పేర్లు మైథిలి, వైదేహి, జానకి. ద్విపదలో రంగనాథరామాయణం మొదలుకొని రామకథ విరివిగా సాగిన భాషలో ఈ సౌలభ్యం చిన్నది కాదు. ఒకే నాయికకు వేర్వేరు గణాలలో పేర్లుండటం కవికి అవసరం. పఠనం ద్వారా, గానం ద్వారా ఆ పేర్లు శ్రోతల చెవికి అలవాటుకావడం దాని ఫలితం.

నేటి తల్లిదండ్రులు గణవిభజన చూసి పేరు పెట్టరు. అయినా ఆదిలోని ఐకారపు నిడివి, పరుషాలూ ద్విత్వాలూ లేని అక్షరాల కూర్పు, ఇకారాంతం ఈ పేర్లకు పిలుపులో సౌకుమార్యాన్ని ఇస్తున్నాయి. సంబోధనలో ఆ ఇకారం సహజంగా దీర్ఘమై మూలరూపాన్ని చేరుకుంటుంది. పాతదనం, నాజూకుతనం కలిసిన పేరుగా ఇవి వినిపిస్తాయి.

అయితే రాతలో ఒక విశేషం ఉంది. 'మైథిలి'ని 'మైధిలి' అని రాసే అలవాటు విస్తృతం. థ, ధ వర్ణాల మధ్య తెలుగువారి ఉచ్చారణలో ఉన్న సందిగ్ధత దీనికి ఒక కారణం. మిథిల అనే ఊరు పేరులో వినబడకపోవడం మరొక కారణం కావచ్చు. స్థలం స్ఫురణలో ఉంటే వర్ణం నిలుస్తుంది. స్థలం మరుగైనచోట వర్ణం జారిపోవడానికి అడ్డు ఉండదు.

6. రెండు పంచాంగదినాలు:

పేరు నేలను వదిలి వచ్చేటప్పుడు ఏం వదిలివచ్చిందో చూపడానికి రెండు పండుగలు చాలు. మార్గశిర శుద్ధ పంచమిని మిథిలలో వివాహపంచమి అంటారు. సీతారాముల పెళ్ళి ఆనాడు జరిగిందని నమ్మకం. జనకపురంలో ఉత్సవం వైభవంగా సాగుతుంది. కానీ అదే రోజున తమ కూతుళ్ళ పెళ్ళి చేయడానికి ఆ ప్రాంతంలోని అనేక కుటుంబాలు వెనుకాడతాయి. ఆ ముహూర్తాన పెళ్ళయిన తమ ఆడపడుచు పడిన కష్టాలే అందుకు కారణంగా చెబుతారు. అక్కడివారికి సీత దేవత మాత్రమే కాదు, అత్తవారింట సుఖపడని ఇంటి ఆడపిల్ల కూడా.

తెలుగునాట సీతారాముల కల్యాణం చైత్ర శుద్ధ నవమినాడు జరుగుతుంది. భద్రాచలం మొదలుకొని ఊరూరా రామాలయాల్లో పందిళ్ళు వేసి, తలంబ్రాలు పోసి, పానకం, వడపప్పు పంచుతారు. భద్రాచలం తలంబ్రాలను ఇంటికి తెచ్చుకుని, పెళ్ళి కావలసిన పిల్లలకు శుభమని భావించేవారు ఎందరో. తెలుగువారు పెళ్ళిపీటల మీది సీతను తలచుకుంటే, మిథిలవారు ఆ పీటల మీద నుండి లేచి వెళ్ళిపోయిన సీతను కూడా తలచుకుంటారు.

మైథిలి అన్న పేరు తెలుగింటికి కల్యాణశోభతో వచ్చింది. పుట్టింటివారి దుఃఖం మిథిలలోనే ఉండిపోయింది. తెలుగు తల్లిదండ్రులు కూతురికి ఆ పేరు పెడుతున్నప్పుడు, ఒక నేలనుండి వెళ్ళిపోయిన పిల్ల పేరు పెడుతున్నామని తలచరు. ఇది తప్పని కాదు. పేర్లు ప్రయాణించేది ఇలాగే. కానీ పరిశోధకుడు ఆ మరుపును కూడా పేరు చరిత్రలో భాగంగానే నమోదుచేయాలి.

ఈ పేరు స్త్రీ రచనలో మరొక అర్థాన్ని తెచ్చుకున్న ఉదాహరణ పొరుగు భాషలో ఉంది. 2009లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కన్నడ రచయిత్రి వైదేహి పుట్టింటి పేరు వసంతి. వివాహానంతరం ఆమె జానకీ శ్రీనివాసమూర్తి అయ్యారు. సాహిత్యంలో ఆమె వైదేహి. పెళ్ళితో వచ్చిన పేరూ, కలంపేరూ రెండూ సీతవే కావడం విశేషం. మెట్టినవారు పిలిచిన పేరుగా మొదలైన మాట, ఇక్కడ ఒక స్త్రీ తన రచనలకింద చేసే సంతకమైంది.

7. మైథిలి, యాదమ్మ: గౌరవభేదం:

తెలుగునేలమీద స్థలవాచకనామాలకు కొరత లేదు. యాదగిరిగుట్ట నుండి యాదగిరి, యాదయ్య, యాదమ్మ వచ్చాయి. ఉత్తరాంధ్రలో సింహాచలం అనే పేరు స్త్రీపురుషులిద్దరికీ ఉంది. తిరుపతమ్మ, కాశమ్మ ప్రాంతభేదం లేకుండా వినిపిస్తాయి. తిరుపతమ్మ అనే పేరు కొన్నిచోట్ల పెనుగంచిప్రోలు అమ్మవారి నుండి కూడా వచ్చి ఉంటుంది. ఈ పేర్ల వెనుక తరచుగా ఒక మొక్కు ఉంటుంది. పిల్లలు కలగాలనో, కలిగినవారు దక్కాలనో క్షేత్రానికి మొక్కుకుని, ఆ క్షేత్రం పేరును బిడ్డకు పెడతారు.

వైదేహి పేరులోని స్థలం ఆమె విడిచివచ్చినది. యాదమ్మ పేరులోని స్థలం ఆమె తల్లిదండ్రులు కాలినడకనో, బండికట్టుకునో వెళ్ళి మొక్కినది. ఆ స్థలం ఆమె ఉన్న నేలలోనే ఉంది. ఏటా జాతరకు వెళ్ళి చూడగలిగినది. యాదయ్య, యాదమ్మ అన్న జంటలో మగపేరుకూ ఆడపేరుకూ స్థలసంబంధం సమానం. వైదేహుడు, వైదేహి అన్న జంటలో కనిపించిన అధికారభేదం ఇక్కడ లేదు. స్థలనామం వ్యక్తినామంగా మారడంలో ఉండగల అసలైన సాన్నిహిత్యం దేశినామాలలోనే పదిలంగా ఉంది.

కానీ సమాజంలో వీటికి దక్కిన మర్యాద ఇందుకు విరుద్ధం. మైథిలిని సాహిత్యసంస్కారం గల పేరుగా, యాదమ్మను పాతకాలపు పల్లెటూరి పేరుగా చూడటం చదువుకున్నవారిలో సాధారణం. కథలలోనూ చలనచిత్రాలలోనూ ఇలాంటి పేర్లు పనిమనుషుల పాత్రలకో, హాస్యానికో కేటాయించబడటం పాఠకులకు, ప్రేక్షకులకు తెలిసిందే. తరగతిగదిలో హాజరు పిలిచేటప్పుడు తనపేరు వినబడితే తలదించుకునే విద్యార్థినికి ఆ పేరు వెనుక ఉన్న గుట్ట, మొక్కు, తల్లి నడక గురించి చెప్పే పాఠం మన పాఠ్యప్రణాళికలో లేదు. మైథిలి వ్యుత్పత్తి చెప్పే పాఠం మాత్రం వ్యాకరణంలో ఉంది.

ఈ భేదానికి మూలం పేర్ల నిర్మాణంలో కనిపించదు. రెండూ స్థలనామాలే, రెండూ దైవసంబంధం గలవే. ఒకదానికి ఇతిహాసం, నిఘంటువు, ఛందస్సు అండగా నిలిచాయి. రెండవదానికి మౌఖికసంప్రదాయం తప్ప మరొక ఆధారం లేకపోయింది. లిఖితసాహిత్యం పొందిన గౌరవమే పేరు గౌరవంగా చలామణి అవుతోంది. వ్యక్తినామాల అధ్యయనం తత్సమరూపాల వ్యుత్పత్తికే పరిమితమైతే ఈ అసమానతను శాస్త్రం పేరుతో స్థిరపరచినట్లవుతుంది.

8. ముగింపు:

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు:

1. మైథిలి, వైదేహి తద్ధితాంత స్థలవాచకనామాలు. ఇదే తరహా పేరు పురుషునికి రాజ్యాధికారాన్ని కూడా సూచించగా, స్త్రీకి పుట్టింటిని మాత్రమే సూచించింది.

2. శకుని–గాంధారి, శల్యుడు–మాద్రి, యుధాజిత్తు–కైకేయి జంటలు ఈ భేదానికి ఇతిహాసం ఇచ్చే సాక్ష్యాలు. సీతకు సొంతపేరు కూడా ఉండటం వల్ల ఆమె స్థలనామాలు వ్యక్తిత్వాన్ని కప్పివేయలేదు.

3. తెలుగులో ఈ పేర్ల ఆకర్షణకు సీతాపాత్రపై గౌరవం, ఇంద్రగణాలుగా పద్యంలో ఒదిగే తీరు, శ్రవణసుఖం కారణాలు. మిథిల అనే స్థలంపై మక్కువ ఇందులో లేదు.

4. మిథిలలో ఈ పేరును ఆవరించి ఉన్న పుట్టింటి దుఃఖం తెలుగునేలకు చేరలేదు. ఇక్కడ అది కల్యాణనామం.

5. స్థలంతో సజీవసంబంధం గల యాదమ్మ, తిరుపతమ్మ, సింహాచలం వంటి పేర్లు గౌరవంలో వెనుకబడటానికి కారణం సాహిత్యచరిత్రలో, సామాజికదృష్టిలో ఉంది. వ్యాకరణంలో లేదు.

దేశినామాలు పెట్టే అలవాటు తగ్గిపోతున్నది. ఆ పేర్లు గలవారిలో చాలామంది ఇప్పుడు పెద్దవయసువారు. వారికి ఆ పేరు ఎవరు, ఎందుకు, ఏ మొక్కు తీరి పెట్టారో వారినే అడిగి రాసుకునే అవకాశం మరికొంతకాలమే ఉంటుంది. మిథిల గురించి శతపథబ్రాహ్మణం చెబుతుంది. యాదమ్మ పేరు గురించి యాదమ్మే చెప్పాలి.